సింగపూర్‌లో గది వెతికేటప్పుడు అద్దె ఒక్కటే చూడకండి, వంటగది అడగండి

సింగపూర్‌లో ఉద్యోగం ఖాయమైన రోజే ఇంట్లో అందరూ జీతాన్ని రూపాయల్లోకి మార్చేస్తారు. నెలకు 6,000 డాలర్లంటే దాదాపు 4 లక్షలు. వినడానికి బాగుంటుంది. కానీ ఇక్కడ ఖర్చూ డాలర్లలోనే కాబట్టి నెలాఖరుకు ఎంత మిగులుతుందో ఆ లెక్క చెప్పదు. ఆ తర్వాత అందరూ అడిగేది అద్దె గురించి: ఏ ఏరియాలో గది చవక, 100 డాలర్లు తక్కువకు ఎక్కడ దొరుకుతుంది అని. కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పేదొక్కటే. అద్దెతో పాటు తిండి, కరెంటు, రాకపోకలు కలిపి చూడండి. ఈ నాలుగింటిలో తిండి ఖర్చు మీరు తీసుకునే గదికున్న వంట షరతును బట్టి మారిపోతుంది. 200 డాలర్లు తక్కువని తీసుకున్న గది చాలాసార్లు 200 డాలర్లు ఎక్కువే తినేస్తుంది.

కింది అంకెలన్నీ సింగపూర్ డాలర్లలో, 2025 నాటికి మార్కెట్లో కనిపించే ధరలకు దగ్గరగా వేసినవి. ఫ్లాట్ మొత్తం తీసుకునేవాళ్లు హెచ్‌డీబీ (ప్రభుత్వ గృహ సంస్థ) మూడు నెలలకోసారి ఊరివారీగా, ఫ్లాట్ సైజువారీగా వెల్లడించే అద్దెలను ఒకసారి చూసుకుంటే బేరానికి పనికొస్తాయి.

ఏమేం దొరుకుతాయి

ఒంటరిగా వచ్చేవాళ్లకు మొదట ఎదురయ్యేది ఓనర్ కూడా ఉండే హెచ్‌డీబీ ఫ్లాట్‌లో ఒక గది. కామన్ రూమ్ అంటే బాత్రూమ్ బయట, మిగతావాళ్లతో కలిసి వాడుకునేది. ఇది 800 నుంచి 1,100 దాకా ఉంటుంది. బాత్రూమ్ లోపలే ఉండే మాస్టర్ రూమ్ 1,200 నుంచి 1,500. ప్రకటనలో ‘పీయూబీ ఇంక్లూడెడ్’ అని ఉంటే కరెంటు, నీళ్లు అద్దెలోనే కలిసి ఉన్నాయని అర్థం.

రెండోది ఓనర్ లేని ఫ్లాట్‌ను నలుగురైదుగురు పంచుకోవడం. ఛాంగీ బిజినెస్ పార్క్‌లో పనిచేసే మనవాళ్లు సిమేయ్, టాంపినీస్, బెడోక్ వైపు ఇలా ఉంటారు. గదికి 950 నుంచి 1,200 దాకా అవుతుంది, కరెంటు బిల్లు అందరూ పంచుకోవాలి.

మూడోది మొత్తం హెచ్‌డీబీ ఫ్లాట్. ఇక్కడ 3-రూమ్ ఫ్లాట్ అంటే హాలునూ ఒక గదిగా లెక్కవేస్తారు, మనకు అది డబుల్ బెడ్‌రూమ్. ఇది 2,600 నుంచి 3,200 వరకూ ఉంటుంది. వుడ్‌లాండ్స్, ఈషున్, జురాంగ్ వెస్ట్ లాంటి చోట్ల కింది అంచుకు దగ్గరగా దొరుకుతాయి.

నాలుగోది కాండో, అంటే ప్రైవేటు అపార్ట్‌మెంట్. డబుల్ బెడ్‌రూమ్‌కు 3,800 నుంచి 5,000. ఈత కొలను, జిమ్, గేటు దగ్గర సెక్యూరిటీ ఉంటాయి. కొలను కోసమే కాండో అనుకునేవాళ్లు ఒక్క సంగతి గమనించాలి. ప్రతి హెచ్‌డీబీ టౌన్‌కూ దగ్గర్లో ప్రభుత్వ ఈత కొలను ఉంటుంది, ఒకసారికి రెండు మూడు డాలర్లకు మించదు. కంపెనీ అద్దె కడితే కాండో తీసుకోండి. సొంత జేబులోంచి కట్టేవాళ్లకు, ముఖ్యంగా మొదటి ఏడాది, నేనైతే వద్దనే అంటాను.

ఐదో మాట కూడా ఆఫీసులో వింటారు: ‘జొహోర్ బారులో ఉండు, అద్దె మూడో వంతు’ అని. అది సరిహద్దు అవతలి మలేసియా ఊరు. చెప్పేది మలేసియా సహోద్యోగులు. వాళ్లకది సొంత దేశం. భారతీయులకు మలేసియా 2023 డిసెంబరు నుంచి ఇస్తున్న 30 రోజుల వీసా మినహాయింపు చూసి రావడానికే గాని అక్కడ కాపురం పెట్టడానికి కాదు. రోజూ సరిహద్దు దాటుతుంటే ఎప్పుడో ఒకప్పుడు ఇమ్మిగ్రేషన్‌లో ఆపుతారు. ఆ రోజు మీ సింగపూర్ ఉద్యోగమే చిక్కుల్లో పడుతుంది. మలేసియా దీర్ఘకాల పాస్ చేతిలో లేనివాళ్లు దీన్ని జాబితాలోంచి కొట్టేయవచ్చు.

వంట చేసుకోవచ్చా?

గది ప్రకటనల్లో మూడు రకాల షరతులు కనిపిస్తాయి: నో కుకింగ్, లైట్ కుకింగ్, కుకింగ్ అలౌడ్. చిక్కంతా మధ్యదాంతోనే. లైట్ కుకింగ్ అంటే ఓనర్ మనసులో ఉన్నది నూడుల్స్ ఉడికించుకోవడం, గుడ్డు ఉడకబెట్టుకోవడం, పాలు వేడి చేసుకోవడం. మనం అనుకునేది అన్నం, పప్పు, ఒక వేపుడు. ఎండుమిర్చి, ఇంగువతో పోపు పెట్టిన మొదటి రోజే ఓనర్ వంటగదిలోకి వస్తారు. రెండో వారం మెసేజ్ వస్తుంది. నెల తిరిగేసరికి మీరే మొహమాటపడి స్టవ్ ముట్టుకోవడం మానేస్తారు. అద్దె మాత్రం వంటగదితో కలిపే కడుతుంటారు.

అందుకని గది చూడటానికి వెళ్లే ముందే మెసేజ్‌లో తేల్చుకోండి: రోజూ రెండుసార్లు అన్నం కూర వండుతాం, పోపు పెడతాం, ప్రెషర్ కుక్కర్ వాడతాం, వారానికోసారి చికెన్ గానీ చేప గానీ ఉంటుంది. ఇలా విడమరిచి రాస్తే సగం మంది ఓనర్లు అప్పుడే వద్దంటారు. మంచిదే, బస్సు ఖర్చు మిగిలింది. ఒప్పుకున్నవాళ్ల దగ్గర ఆ మాటే అగ్రిమెంటులో రాయించండి. గది చూసేటప్పుడు మంచం, బీరువా తర్వాత చూడొచ్చు, ముందు వంటగదిలోకి నడవండి. స్టవ్‌కు ఎన్ని బర్నర్లు, ఒకే సమయంలో వండేది ఎంతమంది, ఫ్రిజ్‌లో మీకు ఒక అర మొత్తం ఇస్తారా లేక మూలన ఇంత చోటేనా, బియ్యం బస్తా పెట్టుకోవడానికి చోటుందా. ఐదుగురికి ఒకే ఫ్రిజ్ ఉన్న ఇంట్లో వారానికి సరిపడా కూరగాయలు తెచ్చుకోలేరు. రోజూ కొంచెం కొంచెం కొంటే ఎక్కువ పడుతుంది.

ఇప్పుడు డబ్బు లెక్క. మూడు పూటలా బయటే తినేవాళ్లకు: పొద్దున రెండు ప్లెయిన్ పరాటాలు, టీ కలిపి 4 డాలర్ల పైమాట. మధ్యాహ్నం హాకర్ సెంటర్‌లో (చవక తిండి స్టాళ్లన్నీ ఒకే చోట ఉండే చోటు) అన్నం, రెండు మూడు కూరలు పెట్టించుకుంటే 5 నుంచి 6. రాత్రి లిటిల్ ఇండియాలోనో ఇంటి దగ్గర మన హోటల్లోనో తింటే 7 నుంచి 10. పొదుపుగా తిన్నా రోజుకు 17, నెలకు 500. శాకాహారులకు ఇంకొంచెం ఎక్కువే, ఎందుకంటే హాకర్ సెంటర్‌లో వాళ్లకు దొరికేవి తక్కువ, ఇండియన్ స్టాల్‌కో థాలీకో వెళ్లక తప్పదు.

ఇంట్లో వండుకునేవాళ్ల ఖర్చు మనిషికి 220 నుంచి 280లో అయిపోతుంది, వారంలో రెండు మూడు మధ్యాహ్నాలు బయట తిన్నా సరే. సోనామసూరి, కందిపప్పు, మినప్పప్పు, చింతపండు లిటిల్ ఇండియా కొట్లలో, అక్కడి ముస్తఫా అనే పెద్ద స్టోర్లో దొరుకుతాయి. టెక్కా మార్కెట్లో మునక్కాయ, దొండకాయ, అరటికాయ, కరివేపాకు ఉంటాయి. గోంగూర రోజూ ఉండదు, కనిపించినప్పుడు తెచ్చి పచ్చడి చేసి పెట్టుకోవడమే. ఉల్లి, టమాటా, గుడ్లు, పాలు, చికెన్ మాత్రం ఇంటి దగ్గరి ఫెయిర్‌ప్రైస్, షెంగ్ సియోంగ్ లాంటి సూపర్‌మార్కెట్లలో కొనండి. వాటి కోసం లిటిల్ ఇండియా దాకా మోయడం అనవసరం.

పక్కపక్కన పెట్టి చూస్తే: వంట లేని గది 900, తిండి 500, మొత్తం 1,400. వంట ఉన్న షేరింగ్ గది 1,050, కరెంటు వాటా 80, తిండి 260, మొత్తం 1,390. ప్రకటనల్లో 150 డాలర్ల తేడా చూపించిన రెండు గదులు నెలాఖరుకు ఒకే చోటికి వచ్చాయి. పైగా రెండో ఇంట్లో ఉన్నవాళ్లు పప్పుచారు తింటున్నారు. బయటి తిండిలో నూనె, ఉప్పు, చక్కెర వేసిన టీ రెండేళ్లు సాగితే ఒంట్లో కనపడుతుంది. అది ఏ బడ్జెట్ పట్టికలోనూ రాదు కాబట్టి ఇక్కడ గట్టిగా చెప్తున్నాను.

వంట రానివాళ్లు, రాత్రి తొమ్మిదికి గాని ఆఫీసు నుంచి బయటపడనివాళ్లు వేరు. వాళ్లు వంటగదికి డబ్బు కట్టి వాడుకోకుండా ఉండటంలో అర్థం లేదు. హాకర్ సెంటర్‌కు నాలుగడుగుల దూరంలో, పీయూబీ కలిసిన చిన్న గది చూసుకోవడం మేలు.

ఏసీ ఏడాదంతా

హైదరాబాద్‌లో ఏసీ మూడు నాలుగు నెలల ముచ్చట. ఇక్కడ భూమధ్యరేఖ పక్కనే ఉన్నాం, జనవరిలోనూ పగలు 30 దాటుతుంది, రాత్రి కూడా 24 చుట్టూనే ఉంటుంది. కాబట్టి కరెంటు బిల్లు తగ్గే కాలమంటూ ఉండదు, బడ్జెట్లో పన్నెండు నెలలకూ ఒకే అంకె రాసుకోవాలి. పడకగదిలో ఇన్వర్టర్ ఏసీ రాత్రి 8 గంటలు నడిస్తే 5 యూనిట్ల దాకా కాలుతుంది. యూనిట్ జీఎస్టీతో కలిపి 30 సెంట్ల చుట్టూ ఉంటుంది. అంటే రాత్రికి ఒకటిన్నర డాలర్, నెలకు ఒక్క గదికి 45. పాత ఏసీ అయితే ఇంకా ఎక్కువ. గది చూసేటప్పుడు ఏసీ మీద టిక్కుల గుర్తు ఉన్న స్టిక్కర్ వెతకండి. టిక్కులు ఎన్ని ఎక్కువుంటే అంత తక్కువ కరెంటు తాగుతుంది.

పీయూబీ కలిసిందన్న గదుల్లో ‘ఏసీ రాత్రి 9 నుంచి పొద్దున 7 వరకే’ లాంటి షరతు ఉంటుంది. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు ఇది తప్పకుండా అడగాలి. పడమటి గోడ ఉన్న గదిలో మధ్యాహ్నం మూడింటికి ఫ్యాన్ గాలి వేడిగానే వస్తుంది. తూర్పు ముఖం గది దొరికితే 30 డాలర్లు ఎక్కువిచ్చినా నష్టం లేదు.

మొత్తం ఫ్లాట్ తీసుకుంటే మూడు నెలలకోసారి ఏసీ సర్వీసింగ్ అద్దెదారే చేయించాలని అగ్రిమెంటులో ఉంటుంది. ప్రతి రిపేరులో మొదటి 150, 200 డాలర్లు మీవేనన్న క్లాజు కూడా మామూలే. ఈ రెండూ గదిలో ఉండేవాళ్లకు సాధారణంగా పడవు.

రాకపోకల సంగతి తేలిక. ఎమ్మార్టీ (మెట్రో రైలు), బస్సు కలిపి దూరాన్ని బట్టి ఒక్కో ప్రయాణం డాలర్ పైనుంచి రెండున్నర దాకా. నెలకు మనిషికి 100, 120 వేసుకుంటే చాలు. ఆఫీసుకు దగ్గరని 400 డాలర్లు ఎక్కువ అద్దె కట్టే పని లేదు, దూరం వల్ల పెరిగే చార్జీ నెలకు 60 డాలర్లకు మించదు. మీ సమయానికి మీరు వేసుకునే విలువ మాత్రం మీ ఇష్టం. కారు ఊసెత్తకండి, బండి కొనే ముందు దాన్ని ఉంచుకునే హక్కు పత్రానికే (సీఓఈ) లక్ష డాలర్ల చుట్టూ పోతుంది.

భార్యాబిడ్డలతో వచ్చేవాళ్లు

డిపెండెంట్ పాస్ (కుటుంబాన్ని తెచ్చుకోవడానికి ఇచ్చే అనుమతి) రావాలంటే మీ స్థిర జీతం నెలకు కనీసం 6,000 ఉండాలి. పాస్ వచ్చింది కదా, ఆ జీతంతో సంసారం నడుస్తుందా అని అడిగేవాళ్లకు నేను ఇలా లెక్కేసి చూపిస్తాను. 3-రూమ్ ఫ్లాట్ 2,800. కరెంటు, నీళ్లు, గ్యాస్ 200. ముగ్గురికి తిండి, సామాన్లు 700. రాకపోకలు 180. ఫోన్లు, ఇంటర్నెట్ 80. మొత్తం 3,960. పన్నుకు నెలకు 230 పక్కన పెడితే చేతిలో 1,810 మిగులుతుంది.

బిడ్డ బడి ఈడుకు రానంతవరకు ఇది హాయిగా నడుస్తుంది. బడికి వెళ్లేసరికి చిత్రం మారుతుంది. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో మనలాంటి విదేశీయుల ఫీజు నెలకు దాదాపు 900 డాలర్లు, ఏటా పెంచుతున్నారు. సీటు కూడా ఖాయం కాదు, స్థానికులందరికీ ఇచ్చాక మిగిలితేనే. భారతీయ సిలబస్ బోధించే అంతర్జాతీయ పాఠశాలల్లో సీటు సులువు, ఫీజు అంతకన్నా ఎక్కువ, స్కూలు బస్సు అదనం. అంటే ఆ 1,810లో సగమో అంతకన్నా ఎక్కువో బడికే పోతుంది. మిగిలినదాంట్లోంచే ఏడాదికోసారి ముగ్గురికీ టికెట్లు, ఇండియాలో ఈఎంఐలు, అమ్మానాన్నలకు పంపేది. ప్రభుత్వ బడిలో ద్వితీయ భాషగా హిందీ, బెంగాలీ, పంజాబీ, గుజరాతీ, ఉర్దూ, తమిళం ఉన్నాయి, తెలుగు లేదు. తెలుగు నేర్పించాలంటే వారాంతాల్లో మనమే చూసుకోవాలి.

జీతం 6,000కూ 7,500కూ మధ్య ఉండి, బడి ఈడు పిల్లలుండి, భార్యాభర్తల్లో ఒకరికే ఉద్యోగమైతే, మొదటి ఏడాది ఒక్కరే వచ్చి గదిలో ఉండటం మంచిదని నా అభిప్రాయం. విడిగా ఉండటం కష్టమే, దాన్ని తక్కువ చేసి చెప్పను. కానీ వచ్చిన ఆరు నెలలకే డబ్బు చాలక కుటుంబాన్ని వెనక్కి పంపితే బిడ్డ చదువు రెండుచోట్లా తెగుతుంది. 8,000 దాటితే అందరూ కలిసి రండి, హెచ్‌డీబీలోనే ఉండండి.

వైద్యం గురించి ఒక మాట. ప్రభుత్వ ఆసుపత్రుల్లో విదేశీయులకు సబ్సిడీ లేదు. ఎస్ పాస్ (మధ్యస్థాయి ఉద్యోగాలకిచ్చే పాస్) మీద ఉన్నవాళ్లకు కంపెనీ బీమా తీసి తీరాలి. ఎంప్లాయ్‌మెంట్ పాస్ (పైస్థాయి నిపుణులకిచ్చేది) వాళ్లకు ఆ నిబంధన లేదు. ఆఫర్ లెటర్‌లో మీ పేరుతో పాటు భార్యాపిల్లల పేర్లు కూడా బీమాలో ఉన్నాయో లేదో చదువుకోండి. లేకపోతే ప్రీమియం కూడా బడ్జెట్లో రాసుకోవాలి.

జీతంలో కోయని పన్ను

మనకు టీడీఎస్ అలవాటు. ఇక్కడ పన్ను నెలనెలా కోయరు. విదేశీయులకు సీపీఎఫ్ (మన పీఎఫ్ లాంటిది) కోత కూడా లేదు. రాసిన జీతం రాసినట్టు ఖాతాలో పడుతుంది. మరుసటి ఏడాది పన్ను శాఖ నుంచి నోటీసు వచ్చేసరికి చాలామంది చేతిలో ఆ డబ్బు ఉండదు. ఏడాదికి 72,000 సంపాదించే, పన్ను లెక్కకు రెసిడెంటు అయినవాళ్లకు మొదటి 40,000 మీద 550, మిగతా 32,000 మీద 7 శాతం చొప్పున 2,240, మొత్తం 2,790. మామూలు మినహాయింపు పోగా 2,720 దాకా. గిరో (బ్యాంకు ఖాతా నుంచి నేరుగా కట్టే ఏర్పాటు) పెట్టుకుంటే వడ్డీ లేకుండా 12 వాయిదాల్లో కట్టవచ్చు. మొదటి జీతం నుంచే నెలకు 230 వేరే ఖాతాలోకి మళ్లించండి. దేశం వదిలి వెళ్లేటప్పుడు పన్ను తేలేవరకు కంపెనీ మీ చివరి జీతాన్ని ఆపి ఉంచుతుంది. ఇది చట్టం చెప్పిన పద్ధతే. ఆ నెల ఖర్చుకు వేరే డబ్బు ఉండాలి.

సంతకానికి ముందు

అడ్వాన్స్ సాధారణంగా ఏడాది అగ్రిమెంటుకు ఒక నెల అద్దె, రెండేళ్లకు రెండు నెలలు. దానికి మొదటి నెల అద్దె, మొత్తం అద్దెలో 0.4 శాతం స్టాంప్ డ్యూటీ కలుపుకోండి. స్టాంప్ డ్యూటీ కట్టేది అద్దెదారే. 1,050 గది ఏడాదికి తీసుకుంటే మొదటిరోజే 2,150 కావాలి. 2,800 ఫ్లాట్ రెండేళ్లకైతే 8,700 దాకా. జీతం వచ్చేది నెల తర్వాత కాబట్టి ఇది ఇండియా నుంచి తెచ్చుకోవాల్సిన డబ్బే.

తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ‘మా ఫ్లాట్‌లో గది ఖాళీ, వంటకు అభ్యంతరం లేదు’ అని చాలా వస్తాయి. మంచివే, నేనూ సూచిస్తాను. కానీ ఒకరు హెచ్‌డీబీ ఫ్లాట్ మొత్తం తీసుకుని, మిగతా గదులను ఓనర్‌కు తెలియకుండా అద్దెకిస్తుంటే అది నిబంధనలకు విరుద్ధం. మీ పేరు ఓనర్ ద్వారా హెచ్‌డీబీలో నమోదై ఉండాలి. హెచ్‌డీబీలో కనీస అద్దెకాలం 6 నెలలు. సంబంధం లేనివాళ్లు 3-రూమ్ ఫ్లాట్‌లో ఆరుగురు దాకా ఉండొచ్చు. 4-రూమ్, అంతకన్నా పెద్ద ఫ్లాట్లలో 2024 జనవరి నుంచి తాత్కాలికంగా 8 మందిని అనుమతిస్తున్నారు. అంతకుమించి ఉన్న ఇల్లు ఎంత చవకైనా వద్దు. తనిఖీ వస్తే సామాను సర్దుకోవాల్సింది మీరే. ఏజెంటు ద్వారా వెళ్తే అతని పేరు ప్రభుత్వ రిజిస్టరులో ఉందో లేదో ఫోన్‌లోనే చూసుకోవచ్చు. హెచ్‌డీబీ అద్దె డబ్బు ఏజెంటు తన చేత్తో తీసుకోకూడదు. తన ఖాతాకు పంపమన్నాడంటే అక్కడే ఆగిపోండి.

చివరిది, ఫ్లాట్ మొత్తం తీసుకునేవాళ్లకు అన్నిటికన్నా ముఖ్యమైనది: డిప్లొమాటిక్ క్లాజ్. ఉద్యోగం పోయినా, కంపెనీ వేరే దేశానికి మార్చినా అగ్రిమెంటు మధ్యలో వదులుకునే వీలు ఇచ్చేది ఇదే. మామూలుగా రెండేళ్ల అగ్రిమెంటులో మొదటి 12 నెలలు గడిచాక, 2 నెలల నోటీసుతో వాడుకోవచ్చు. ఎంప్లాయ్‌మెంట్ పాస్ రద్దయితే దేశంలో ఉండటానికి సాధారణంగా 30 రోజులే ఇస్తారు. ఈలోపు కొత్త ఉద్యోగం దొరక్కపోతే వెళ్లిపోవాలి, క్లాజ్ లేని అగ్రిమెంటు మాత్రం మీ పేరుమీదే ఉంటుంది. ఆ క్లాజ్ రాయడానికి ఒప్పుకోని ఓనర్ 200 డాలర్లు తగ్గిస్తానన్నా తీసుకోకండి. ఏడాది అగ్రిమెంటుకు ఈ క్లాజ్ దొరకడం కష్టం. అలాంటప్పుడు మూడు నెలల అద్దెంత డబ్బు చేతిలో కదపకుండా పెట్టుకున్నాకే సంతకం చేయండి.